సొంత ఖర్చుతో వేసిన పుస్తకం పాఠకుల ఇళ్లలో నిలవాలంటే

ఐదు వందల ప్రతులు ప్రెస్సు నుంచి ఆటోలో ఇంటికి వచ్చిన రోజున రచయితకు ఎదురయ్యే మొదటి ప్రశ్న సాహిత్యానికి సంబంధించినది కాదు. ఈ కట్టలను ఎక్కడ పెట్టాలి అన్నది. మా ఇంట్లో అవి మంచం కిందికి వెళ్లాయి. చెదలు పట్టకుండా అడుగున చెక్కలు వేసి, ఎండిన వేపాకు పరిచి, ఆ పైన పేర్చాము. ఆవిష్కరణ సభ నాటి సాయంత్రం అరవై ప్రతులు ఖర్చయ్యాయి. అవన్నీ వేదిక మీది పెద్దలకూ, శాలువాలు తెచ్చిన మిత్రులకూ, మొహమాటానికి వచ్చిన బంధువులకూ ఊరికే ఇచ్చినవే. నెల తిరిగాక ఆ అరవై మందిలో పుస్తకం తెరిచినవారు ఎందరని నెమ్మదిగా ఆరా తీస్తే, లెక్కకు రెండు చేతుల వేళ్లు కూడా అవసరం రాలేదు.

ఆ పుస్తకం మా అమ్మ మాటల గురించినది. బాపట్ల ప్రాంతపు పల్లెలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో, ఆమె నోట వినిపించిన మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని, ఆ మాట ఏ పనిలో పుట్టిందో, ఎవరిని ఉద్దేశించి అనేదో, ఇప్పుడు ఎందుకు వినిపించడం లేదో రాసుకుంటూ పోయాను. ఇలాంటి పుస్తకాన్ని వేసే ప్రచురణకర్త దొరకడం కష్టం కనుక సొంతంగా వేసుకున్నాను. మన దగ్గర కవిత్వమూ, కథలూ, స్మృతులూ వేసుకునేవారిలో చాలామంది ఇదే దారిలో ఉన్నారు. కాగితం గ్రాములూ, అట్ట లామినేషనూ వంటి సంగతులు ప్రెస్సు వాళ్లు ఎలాగూ చెబుతారు. వాళ్లు చెప్పని విషయం ఒకటి ఉంది. పుస్తకం ప్రతి ఒకటి చేతులు మారిన తరువాత అది ఎవరి జీవితంలోనైనా పనికివచ్చే వస్తువుగా ఎలా మారుతుంది, అందుకు రచయిత ముందుగా ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు అన్నది. పాఠకుడు పుస్తకాన్ని మెచ్చుకోవడం వేరు, దానిని తన పనికి వాడుకోవడం వేరు. ఇక్కడ చెప్పేది ఆ రెండవ దాని గురించి.

అచ్చుకు ముందు

ముందుగా ఒక మనిషిని ఎంచుకోండి. "తెలుగు పాఠకులు" అనే గుంపును కాదు, పేరూ ఊరూ తెలిసిన ఒక్కరిని. ఇంగ్లండులో పిల్లల పుస్తకాల రచయిత్రి బియాట్రిక్స్ పోటర్ 1893లో జబ్బుపడిన ఐదేళ్ల పిల్లవాడికి బొమ్మలు వేసి ఒక ఉత్తరం రాసింది. పీటర్ అనే కుందేలు కథ ఆ ఉత్తరంలోనే ఉంది. ఏళ్ల తరువాత దానిని పుస్తకంగా చేసి పంపితే ప్రచురణకర్తలు ఒకరి తరువాత ఒకరు తిప్పి పంపారు. అప్పుడామె 1901 డిసెంబరులో 250 ప్రతులు సొంతంగా వేయించుకుంది. అవి అయిపోయి మళ్లీ అచ్చు వేయవలసి వచ్చింది, ఆ మరుసటి ఏడాది ఒక ప్రచురణ సంస్థే దానిని వేసింది. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటారు గానీ నాకు అందులో కనిపించేది మరొకటి: అచ్చుకు వెళ్లే నాటికే ఆ పుస్తకాన్ని ఒక పిల్లవాడు పడుకుని చదివి ఉన్నాడు.

ఆ ఒక్కరిని ఎంచుకున్న తరువాత రాతప్రతిని వారికి ఇచ్చి చదవమనకండి. మీరే చదివి వినిపించండి. ఇచ్చిన కాగితాలను మర్యాద కొద్దీ "బాగుంది" అని తిరిగి ఇస్తారు. వింటున్నప్పుడు మాత్రం మధ్యలో అడ్డుపడకుండా ఉండలేరు. ఆ అడ్డుపాట్లే మీకు కావలసినవి. ధాన్యం నిలవ చేసుకునే పద్ధతుల మీద రాసిన పేజీని మా పిన్నికి చదివి వినిపించినప్పుడు, గాదె, పురి రెండూ ఒకటేనన్నట్టు నేను రాసిన వాక్యం దగ్గర ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీయడం ఆపేసింది. "ఒకటెట్లా అవుతాయిరా? గాదె ఏడాది పొడుగునా ఇంట్లో ఉండేది. పురి అంటే పంటొచ్చినప్పుడు వరిగడ్డితో వెంటి పేని, చుట్టుకుంటూ కట్టేది. ధాన్యం తీసేశాక విప్పేస్తాం. మీ నాన్న వెంటి చుడుతుంటే నువ్వు లోపల నిలబడి గింజలు తొక్కినోడివే కదా!" అంది. నేను తొక్కిన సంగతి నాకు గుర్తు లేదు. ఆ వాక్యాన్ని కొట్టేసి ఆమె చెప్పినట్టే రాశాను. తరువాతి కాలంలో పాఠకులు ఎక్కువగా ప్రస్తావించిన పేజీ అదే.

ఇలా ముగ్గురికి వినిపిస్తే చాలు. ముగ్గురూ ఒకే వయసువారు, ఒకే ఊరివారు కాకుండా చూసుకోవాలి. సాహిత్యం తెలిసిన మిత్రుడు ఆ ముగ్గురిలో లేకపోయినా నష్టం లేదని నా అనుభవం. ఆయన శైలి గురించి మాట్లాడతాడు, మిగిలినవారు విషయం గురించి మాట్లాడతారు.

పుస్తకంలో పాఠకుడికి చోటు

ముందుమాటల గురించి నాకు కొంచెం కఠినమైన అభిప్రాయం ఉంది. నలుగురు పెద్దలు నాలుగు ముందుమాటలు రాసి, ఆపైన రచయిత "నా మాట" రాసి, చివర కృతజ్ఞతలు చెప్పుకునేసరికి, ఈ పుస్తకంలో ఏమి చూడాలో, దేనికి కదిలిపోవాలో పాఠకుడికి ముందే చెప్పేసినట్టవుతుంది. ఇరవై పేజీల తరువాత అసలు పుస్తకం మొదలయ్యే నాటికి అతనికి సొంతంగా కనిపెట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. ముందుమాట ఒక్కటి చాలు, అదీ రెండు పేజీలు దాటకుండా. మిగతా పెద్దలు నొచ్చుకుంటారనుకుంటే వారి మాటలను వెనుక అట్ట మీద రెండేసి వాక్యాలుగా వేయవచ్చు.

ఫారం లెక్క, అంటే ప్రెస్సులో ఒక పెద్ద కాగితాన్ని మడిస్తే ఎన్ని పేజీలు వస్తాయన్న లెక్క, ఇక్కడ ఉపయోగపడుతుంది. డెమీ సైజు పుస్తకంలో ఫారానికి పదహారు పేజీలు. నా పుస్తకం విషయం 108 పేజీలలో అయిపోయింది; ఏడు ఫారాలంటే 112. మిగిలిన నాలుగు పేజీలలో రచయిత ఇతర రచనల జాబితానో, రాబోయే పుస్తకం ప్రకటననో వేయడం ఆనవాయితీ. నాకు ఇతర రచనలు లేవు కనుక ఆ నాలుగు పేజీలకూ సన్నని గీతలు కొట్టించి, పైన "మీ ఊళ్లో దీన్ని ఏమంటారు?" అని మాత్రం వేయించాను. ఈ పుస్తకం విషయంలో నేను తీసుకున్న నిర్ణయాలలో అన్నిటికన్నా మంచిది అదేనని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు మాత్రం ఖాళీ పేజీలకు డబ్బు పెట్టావని ఇంట్లో అందరూ నవ్వారు. మీది కవితా సంపుటమైతే ఇంత సూటిగా అడగడం కుదరదు. అయినా అంచులు కాస్త వెడల్పుగా వదలండి, పెన్సిలు ఆగే కాగితం వాడండి. నున్నగా మెరిసే ఆర్టు పేపరు మీద ఎవరూ ఏమీ రాసుకోరు.

అక్షరం సైజు పన్నెండు పాయింట్లకు తగ్గకూడదు, పెద్దవయసువారు చదివే పుస్తకమైతే పద్నాలుగైనా ఉండాలి. డీటీపీ చేసేవారిని, అంటే కంప్యూటరులో అక్షరాలు కూర్చేవారిని, ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్ ఫైలు కూడా ఇవ్వమని ముందే మాట్లాడుకోండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజు చేసిన ఫైలు అచ్చుకు బాగానే ఉంటుంది గానీ, చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడరు దానిని తెలుగుగా చదవలేదు, వెతికితే మాట దొరకదు. అచ్చు అయిపోయాక మార్పించుకోబోతే వత్తులూ గుణింతాలూ ఎక్కడెక్కడికో పోతాయి, మళ్లీ ప్రూఫులన్నీ దిద్దుకోవాలి. మొదటి రోజున అడిగితే చిన్న పని.

వెల సంగతి. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు పెద్దకర్మ నాడు పంచే పుస్తకాల మీద "వెల: అమూల్యం" అని వేస్తారు. ఆ సందర్భానికి అది తగిన మాటే. మిగిలిన పుస్తకాల మీద మాత్రం చిన్నదైనా ఒక ధర ఉండాలి. ఊరికే వచ్చిన పుస్తకం టీపాయ్ మీద ఉండిపోతుంది. యాభై రూపాయలు ఇచ్చి తీసుకున్నవాడు ఆ యాభై రూపాయల కోసమైనా పది పేజీలు చదువుతాడు. ధర పక్కనే మీ చిరునామా, ఫోను నంబరు, ఈమెయిలు స్పష్టంగా ఉండాలి. పాఠకుడికి ఏదైనా చెప్పాలనిపించే క్షణం చాలా చిన్నది. నంబరు కోసం వెతుక్కోవలసి వస్తే అది దాటిపోతుంది.

ప్రతిని చేతికి ఇవ్వడం

సభలో పంచిన ప్రతులు ఎందుకు తెరుచుకోలేదో తరువాత అర్థమైంది. అవి ఎవరికి ఎందుకు ఇస్తున్నానో నేను చెప్పలేదు. "ఆత్మీయులకు, అభినందనలతో" అని అరవైసార్లు సంతకం పెట్టాను. దానికి బదులు ఇప్పుడు ఒక పేజీ నంబరు రాస్తున్నాను: "మీ నాన్నగారు తోలిన కపిల బాన గురించి 43వ పేజీలో ఉంది, ఆయన చెప్పినట్టే ఉందేమో చూడండి." (కపిల బాన అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడే సాధనం.) ఇలా రాసి ఇచ్చిన ప్రతిని మనిషి నిలబడిన చోటే తెరుస్తాడు. 43వ పేజీ చదివినవాడు 44 కూడా చదువుతాడు. ఇందుకు రచయిత చేయవలసిందల్లా ఎదుటి మనిషి గురించి పుస్తకం ఇచ్చేముందు రెండు నిమిషాలు ఆలోచించడం. అలా ఆలోచించడానికి ఏమీ తోచకపోతే, ఆ ప్రతి ఆ మనిషికి ఇవ్వవలసినది కాదని అర్థం.

గ్రంథాలయాల విషయంలో చట్టం ఒక పని మన మీద పెట్టింది. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం పుస్తకం వేసినవారు ముప్పై రోజులలోపు కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ ఒక్కొక్క ప్రతి తమ ఖర్చుతో పంపాలి. చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయం ఆ మూడింటిలో ఒకటి. సొంతంగా వేసుకున్నప్పుడు ప్రచురణకర్త మనమే కనుక ఈ బాధ్యత కూడా మనదే. పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌బీఎన్‌ను మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. దానికి డబ్బు తీసుకుంటామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

అయితే కోల్‌కతాలో భద్రంగా ఉన్న ప్రతికన్నా మీ మండలంలోని శాఖా గ్రంథాలయంలో నలిగిన ప్రతే పాఠకుల చేతుల్లో తిరుగుతుంది. పొద్దున్నే పేపరు కోసం వచ్చేవారు అక్కడ ఉంటారు, పోటీ పరీక్షల కుర్రవాళ్లు ఉంటారు. ప్రతిని పోస్టులో పంపకుండా స్వయంగా వెళ్లి గ్రంథాలయాధికారికి ఇచ్చి, పుస్తకం దేని గురించో రెండు మాటల్లో చెప్పండి. వేటపాలెం సారస్వత నికేతనం వంటి, 1918 నుంచి నడుస్తున్న చోట్లకు వెళ్లినప్పుడు పాత పుస్తకాల మొదటి పేజీలు తిరగేసి చూడండి. ఎవరో తమ తండ్రి జ్ఞాపకార్థం వేయించిన చిన్న పుస్తకాలు ఇంకా అక్కడ కూర్చున్నాయి.

పుస్తక ప్రదర్శనలలో సొంతంగా స్టాలు తీసుకోవడం ఒక్క పుస్తకానికి గిట్టదు. విజయవాడలో జనవరి మొదట్లోనూ, హైదరాబాదులో సాధారణంగా డిసెంబరులోనూ జరిగే ప్రదర్శనలలో నలుగురైదుగురు రచయితలు కలిసి ఒక స్టాలు పంచుకోవచ్చు. అక్కడ నిలబడి పిలవకండి, పక్కకు తప్పుకుని, పుస్తకం చేతిలోకి తీసుకున్నవారు ఏ పేజీ దగ్గర ఆగుతున్నారో గమనించండి. దూరప్రాంతాలకు పంపడానికి తపాలా శాఖ 2025 మే నెలలో పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే సేవ ప్రారంభించింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. వందపేజీల పుస్తకాలు రెండు ఆ మొదటి శ్లాబులోనే సర్దుకుంటాయి. లోపల ప్రకటన కరపత్రాల వంటివి పెట్టకూడదు. అమెరికాకు మాత్రం పోస్టు ఖర్చు పుస్తకం వెలకు ఎన్నో రెట్లవుతుంది కనుక, కూతురి పురుటికో కోడలి పురుటికో వెళుతున్న అమ్మల సూట్‌కేసులే నాకు దిక్కయ్యాయి. ఆవకాయ సీసాల మధ్య చుట్టి పెట్టడానికి పుస్తకం పనికివస్తుందని ఒకావిడ నాతోనే అన్నారు.

తిరిగి వచ్చే మాటలు

పుస్తకం ఇచ్చిన వారంలోపు "ఎలా ఉంది?" అని ఫోను చేయకూడదు. ఆ ప్రశ్నకు "బాగుందండీ" తప్ప వేరే జవాబు ఉండదు, పైగా చదవనివారిని అబద్ధమాడేలా చేసినవారమవుతాము. ఆరు నెలలు ఆగండి. తరువాత కలిసినప్పుడు అడగవలసి వస్తే "ఎక్కడ ఆగారు?" అని అడగండి. ఏ పేజీ దగ్గర పుస్తకం మూసి పక్కన పెట్టారన్నది చాలా చెబుతుంది. విసుగొచ్చి ఆగినవారు ఉంటారు, ఏదో గుర్తొచ్చి ఆగినవారూ ఉంటారు. రెండూ ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి.

నా నోటుబుక్కులో నుంచి ఒకటి చెబుతాను. అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు ఆ నాలుగు గీతల పేజీలను జిరాక్సు తీయించి ఎనిమిదో తరగతి పిల్లలకు పంచి, ఇంటికి వెళ్లి అవ్వలనూ తాతలనూ అడిగి నింపుకురమ్మన్నారు. నిండిన కాగితాల ఫొటోలు నాకు పంపారు. మా అమ్మ మరమరాలు అన్నవి అక్కడ బొరుగులు, ఉల్లిపాయ ఎర్రగడ్డ. అది నేను ఊహించినదే. ఊహించనిది ఒకటుంది. ఒక పిల్లవాడు గీతలన్నీ వదిలేసి అడుగున "మా అవ్వ నాతో ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు" అని రాశాడు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వచ్చింది. ఊరూరా తిరిగి శాస్త్రీయంగా చేసిన పని అది. నా పుస్తకం దాని దరిదాపులకు కూడా రాదు. కానీ ఆ తరగతి గదిలో నా పుస్తకాన్ని ఎవరూ పదకోశంగా వాడలేదు. అవ్వ పక్కన కూర్చోవడానికి అది ఒక సాకు అయింది. ఆ ఉపయోగం నేను రాసినది కాదు, ఆ ఉపాధ్యాయురాలు కల్పించినది.

మీకు నచ్చని అర్థాలు కూడా తిరిగి వస్తాయి. అమ్మ తిట్ల మీద నేను ఒక అధ్యాయం రాశాను. "నీ జిమ్మడ", "నీ మొహం మండ" వంటివి ఏ కోపానికి ఏది, ఏది ముద్దుకు, ఏది నిజంగా తిట్టడానికి అన్నది వివరంగా ఉంటుంది. దగ్గరి బంధువు ఒకరు చదివి, కన్నతల్లి తిట్లను అచ్చు వేయించి పరువు తీశానని రెండేళ్లు మాట్లాడలేదు. టెక్సాస్‌లో ఉన్న మరొకరు, సూట్‌కేసులో వెళ్లిన ప్రతిని చదివినవారు, ఆ అధ్యాయాన్నే తమ పిల్లలకు చదివి వినిపిస్తున్నామనీ, నానమ్మకు ఫోను చేసి తిట్టించుకోవడం ఇప్పుడు ఆదివారపు ఆట అయిందనీ రాశారు. ఒకే అధ్యాయం, రెండు ఇళ్లు. మొదటివారికి నేను సంజాయిషీ ఇవ్వబోయాను, అది పొరపాటు. రచయిత తన ఉద్దేశం చెప్పడం మొదలుపెట్టగానే ఎదుటివారు తాము చదివినది చెప్పడం మానేస్తారు. వినండి, రాసుకోండి, వాదించకండి. వాస్తవంలో తప్పు ఉందంటే మాత్రం వెంటనే ఒప్పుకోండి.

ఉత్తరాల విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. అమెరికా కవి వాల్ట్ విట్మన్ 1855లో తన కవితల పుస్తకాన్ని సొంతంగా వేసుకుని, కొంత అచ్చు తానే కూర్చి, ఒక ప్రతిని అప్పటికే పేరున్న రచయిత ఎమర్సన్‌కు పంపాడు. ఎమర్సన్ మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. విట్మన్ మరుసటి ఏడాది రెండవ కూర్పులో ఆ వ్యక్తిగత ఉత్తరంలోని వాక్యాన్ని, అనుమతి అడగకుండా, పుస్తకం వెన్ను మీద బంగారు అక్షరాలతో వేసుకున్నాడు. పెద్ద కవి కనుక లోకం క్షమించింది. మనకు వచ్చిన వాట్సాప్ సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి పదిమందికి చూపించేటప్పుడు ఆ సౌకర్యం మనకు లేదని గుర్తుంచుకోవాలి. పాఠకుడు తన ఇంటి సంగతి మీకు చెప్పుకున్నాడు; అది మీ పుస్తకానికి ప్రశంసాపత్రం కాదు. వాడుకోవాలనిపిస్తే అడగండి, వద్దంటే అక్కడితో వదిలేయండి.

రెండో ముద్రణ

మొదటి ముద్రణ అయిపోయాక, లేదా మంచం కింద చివరి కట్ట మిగిలినప్పుడు, అదే ఫైలును మళ్లీ ప్రెస్సుకు పంపకండి. నోటుబుక్కు తీయండి. అచ్చుతప్పులు దిద్దడం ఎలాగూ ఉంటుంది. దానికన్నా ముఖ్యం, పాఠకులు చెప్పిన మాటలు, సవరణలు, భేదాభిప్రాయాలు పుస్తకంలోకి రావాలి. నేను ప్రతి అధ్యాయం చివర, ఒప్పుకున్నవారి పేరూ ఊరూ వేసి, వాటిని చిన్న అక్షరాలలో చేర్చాను. తమ మాట అచ్చులో చూసుకున్నవారు ఆ పుస్తకాన్ని ఇంటికి వచ్చినవారికి తామే చూపిస్తారు. రెండోసారి ఐదు వందలు అక్కరలేదు. డిజిటల్ ప్రింటింగులో ప్రతికి ఖర్చు ఎక్కువైనా వంద, నూట యాభై వేయించుకోవచ్చు.

ఇదంతా చేసినా కొన్ని ప్రతులు మీ ఎరుకలో లేని దారుల్లో వెళతాయి. రెండేళ్ల క్రితం ఒక ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్‌లో, ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల వరుసలో నా పుస్తకం కనిపించింది. లోపల నా సంతకం ఉంది. ఎవరికి ఇచ్చానో ఆ పేరు ఇక్కడ అనవసరం. వెల ముప్పై రూపాయలు చెప్పాడు. మొదట మనసు చివుక్కుమన్న మాట నిజం. చివరి పేజీలు తిప్పితే గీతల మీద నీలం సిరాతో, నేను ఇచ్చినవారిది కాని చేతిరాతతో, పదిహేను మాటలు రాసి ఉన్నాయి. గాదె ఎదురుగా గుమ్మి, చద్ది ఎదురుగా సద్ది, పచ్చడి ఎదురుగా తొక్కు. కింద విడిగా, మా ఇంట్లో ఎన్నడూ వినపడని రెండు: అర్ర (గది), కందీలు. కందీలు పక్కన చిన్న లాంతరు బొమ్మ కూడా వేశారు.

మీకూ ఇలాంటిది ఎదురైతే, ఆ ప్రతిని కొని ఇంటికి తెచ్చుకోవాలని బలంగా అనిపిస్తుంది. తెచ్చుకోకండి, అది అప్పటికే మీ ఇంటి పుస్తకం కాదు. నేను ఆ రెండు పేజీలకూ ఫోనులో ఫొటో తీసుకుని, మొదటి పేజీలోని నా సంతకం జోలికి పోకుండా, పుస్తకాన్ని వరుసలో తిరిగి పెట్టాను. పెట్టేటప్పుడు మాత్రం అట్ట పైకి కనిపించేలా కాస్త జరిపాను. అంతవరకు రచయితకు హక్కు ఉందనే అనుకుంటున్నాను.